దూకలేదట

ఈత డ్రెస్సు ఎక్కడ ఆరేయాలన్నది ఆ ఇంట్లో మొదటి తగువు.

బాల్కనీలో దండెం మీద అందరి బట్టలూ ఆరేవి. భర్త బనియన్లు, దుప్పట్లు, కాళ్ళు తుడుచుకునే పట్టాలు, అన్నీ. ఆమె ఈత డ్రెస్సు మాత్రం స్నానాల గది తలుపు వెనక కొక్కేనికి, తువ్వాలు కప్పుకుని వేలాడేది. “నలుగురూ చూసే చోట ఆ తొడుగు ఆరేస్తే బాగుండదమ్మాయ్,” అన్నారు అత్తగారు. మెత్తగానే అన్నారు. ఆవిడ ఏదైనా మెత్తగానే అంటారు, దిండులో గుండుసూది దాచినట్టు. తువ్వాలు కింద అది ఆరి చచ్చేది కాదు. మర్నాడు తెల్లవారి అయిదింటికి, చల్లగా జిగటగా కొలను నీళ్ళ మందు వాసన కొట్టే ఆ డ్రెస్సులోకి కాళ్ళు దూర్చేటప్పుడు ఒళ్ళంతా జలదరించేది. మూడు నెలలు అలాగే తొడుక్కుంది. నాలుగో నెలలో ఒక పొద్దున తువ్వాలు తీసేసి, బాల్కనీలో మొగుడి బనియన్ల పక్కనే రెండు క్లిప్పులు పెట్టి ఆరేసింది. గంటలో ఆరిపోయింది. వీధిలో ఎవరూ స్పృహ తప్పి పడిపోలేదు.

ఇది రెండేళ్ళ కిందటి మాట. ఇప్పుడామెకు నలభై ఆరు.

అసలు ఆమె ఈత నేర్చుకున్నది బెంచీ మీద. కూతురికి ఆరో ఏడు వచ్చినప్పటి నుంచి పదమూడు నిండేదాకా, వారానికి మూడు రోజులు ఆ కొలను పక్కన సిమెంటు బెంచీ మీద కూర్చుంది. ఒళ్ళో తువ్వాలు, పక్కన సంచి, సంచిలో దువ్వెన, పొడి బట్టలు, బిస్కెట్లు, ఖాళీగా కూర్చోవడం ఎందుకని ఇంటి నుంచి తెచ్చుకున్న ఒలవాల్సిన బఠాణీలు. కోచ్ అరిచేది పిల్లల కోసమే, కానీ చెవులు ఆమెకూ ఉన్నాయి. కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా మొదటి పాఠం మళ్ళీ మొదలయ్యేది. బఠాణీలు ఒలుస్తూ ఆమె ఆ పాఠం పదిహేనుసార్లు విన్నది. ఊపిరి ఎప్పుడు వదలాలి, మోకాళ్ళు ఎక్కడ మడవాలి, భయపడ్డ పిల్లను ఎక్కడ పట్టుకోవాలి, అన్నీ తెలుసు. నీళ్ళలో కాలు పెట్టకుండానే ఆమెకు ఈత వచ్చేసింది, ఒక్క ఈదడం తప్ప.

కూతురు చదువుకోవడానికి హాస్టల్‌కు వెళ్ళిన ఏడాదే ఆడవాళ్ళకు పొద్దుటి బ్యాచ్ పెట్టారు. ఆమె పేరు రాయించుకుని ఇంటికొచ్చి చెప్పింది.

“నీకా? నీళ్ళా?” అని నవ్వాడు భర్త. “బకెట్ నిండితే అవతలికి జరుగుతావు నువ్వు.”

ఆయనకు ఈత వచ్చు. వచ్చని ఇంటిల్లిపాదికీ తెలుసు. చిన్నప్పుడు ఏటికి అడ్డంగా ఈదిన సంగతి ఆయన చెప్పని బంధువు లేడు. పెళ్ళైన కొత్తలో ఆమె విన్నప్పుడు ఆ ఏరు ఒక వీధంత వెడల్పు ఉండేది. ఇరవై మూడేళ్ళలో అది పెరిగి పెరిగి అవతలి ఒడ్డు కనపడనంత అయింది. కూతురు ఈత నేర్చుకున్న ఏడేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా నీళ్ళలో దిగలేదు. ఒకసారి జలుబు, ఒకసారి మోకాలు, ఒకసారి “ఈ మందు కలిపిన నీళ్ళు మాకు పడవు, మేం పారే నీళ్ళలో ఈదినవాళ్ళం.” ఆమె ఎప్పుడూ రెట్టించి అడగలేదు. ఆయన కథలకు అంచులు కుట్టడం ఆమెకు అలవాటైన పని. పాత ఉద్యోగం పోయినప్పుడు, “ఆయనే వదిలేశారు” అని పుట్టింట్లో చెప్పింది ఆమే. ఆయన దారి తప్పించి ఒక బంధువుల పెళ్ళికి రెండు గంటలు ఆలస్యం చేసినప్పుడు, “నేను తెమల్లేదు” అన్నదీ ఆమే. ఎవరూ చెప్పమనలేదు. మాసిన పళ్ళెం కనపడితే చెయ్యి దానంతటదే పీచు అందుకున్నట్టు, ఆయన మాటలో చిరుగు కనపడితే నోరు దానంతటదే కుట్టేసేది.

ఏడాదిన్నరలో ఆమె కొలను ఈ చివర నుంచి ఆ చివరకు ఆగకుండా పన్నెండుసార్లు ఈదగలిగింది. ప్రాణరక్షణ పరీక్ష కూడా ప్యాసయింది. అప్పుడు కొలను మేనేజరు పిలిచి అడిగాడు. “కొత్తగా వచ్చే ఆడవాళ్ళకు మీరు చెబుతారామ్మా? మీరు చెబితే బెదిరిపోరు. మూడు నెలలు చూద్దాం. బాగుంటే ఖాయం చేస్తా. ఆదివారాలు మాత్రం లోతు తక్కువ వైపు కాపలా కూడా చూడాలి.”

మెడలో విజిల్‌తో ఇంటికొచ్చిన రోజు అత్తగారు దాన్ని ఎగాదిగా చూసి, “వంటింట్లో కుక్కర్ వేసేది చాలకనా అమ్మాయ్, మెడలో ఇంకోటి?” అన్నారు. ఆమెకు కూడా నవ్వొచ్చింది. బాగా అన్నారని ఒప్పుకుంది.

ఆ పని ఖాయం కావాలని ఆమెకు ఎంత ఉందో ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసేలా ఆమె చెప్పలేదు. ఇంట్లో ఆమె చేసే ప్రతి పనినీ సాయంత్రానికి ఎవరో ఒకరు చెరిపేస్తారు. తుడిచిన నేల మాసిపోతుంది, మడత పెట్టిన బట్టలు చిందరవందరవుతాయి, వండినది అయిపోతుంది, మళ్ళీ పొద్దున్నే మొదటికొస్తుంది. కొలను దగ్గర అలా కాదు. ముఖం నీళ్ళలో పెట్టలేని మనిషి ఒకసారి పెట్టగలిగితే అది అయిపోయిన పని. అది మళ్ళీ మాయదు. దాన్ని రేపు మళ్ళీ కడగక్కర్లేదు.

ఆమె దగ్గర ఆరుగురు. అందులో ఒక దర్జీ అమ్మాయి, అందరికంటే చురుకు. ఒక రిటైరైన లెక్కల టీచరమ్మ, అందరికంటే పిరికి. మొదటి రోజు ఆమె వాళ్ళకు తేలడం నేర్పలేదు, లేచి నిలబడటం నేర్పింది. “తేలడం రేపు. ముందు పడిపోతే ఎలా లేవాలో తెలిస్తే పడటానికి భయముండదు. మోకాళ్ళు పొట్టలోకి లాక్కోండి, చేతులతో నీళ్ళను కిందికి నొక్కండి, తల ఎత్తండి, ఇప్పుడు పాదాలు కింద పెట్టండి. అంతే.” రెండో రోజు ఊపిరి. నీళ్ళలో ముఖం పెట్టి నోటితో వదలమంటే ఆరుగురూ బుగ్గలు ఉబ్బించి బిగబట్టుకుని నిలబడ్డారు.

“పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి,” అంది ఆమె. “గరిటె దూరంగా ఉంది. ఏం చేస్తారు?”

ఆరుగురూ ఒక్కసారి ఫూమని ఊదారు. నీళ్ళ మీద బుడగలు లేచాయి. ఆ రోజు నుంచి ఆమెకు పాల టీచర్ అని పేరు పడింది.

జాగ్రత్తల గురించి చెప్పేటప్పుడు మాత్రం ఆమె నవ్వించేది కాదు. గట్టు మీద పరుగెత్తొద్దు. గోడ మీద లోతు అంకె చదవకుండా దిగొద్దు. ఒక్కరే దిగొద్దు. ఎర్రబిళ్ళల తాడు దాటితే అడుగు అందదు, ఈత పూర్తిగా వచ్చేదాకా అది దాటొద్దు. “ఇంకోటి. మునిగేవాళ్ళు కేకలు పెడతారని అనుకుంటాం కదా? పెట్టరు. ఊపిరికే చాలదు, కేకకెక్కడిది? తల వెనక్కి పడి, నోరు నీటి మట్టానికి వచ్చి, చేతులు మెట్లెక్కుతున్నట్టు ఆడతాయి. చూసేవాళ్ళకు ఆడుకుంటున్నట్టే ఉంటుంది. అలా కనిపిస్తే మీరు దూకొద్దు. గట్టు మీద బోర్లా పడుకుని గడకర్ర చాపండి. అది లేకపోతే తువ్వాలు. అందకపోతే ట్యూబు విసరండి. అరిచి మనుషుల్ని పిలవండి.”

“మరి మన పిల్లే అయితేనో?” అంది లెక్కల టీచరమ్మ.

“మన పిల్ల అయితే అసలే దూకొద్దు. మునిగే మనిషి అందినదాన్ని ఎక్కేస్తుంది. మీరిద్దరూ పోతారు.”

మూడో నెల ఆఖరి ఆదివారం ఇంట్లోవాళ్ళంతా వచ్చారు. ఆదివారాలు సభ్యుల కుటుంబాలను రానిస్తారు. ఆడపడుచు తన తొమ్మిదేళ్ళ కూతురిని తీసుకుని అన్నగారింటికి వచ్చింది, పిల్ల కొలను చూడాలని పేచీ పెట్టింది. అత్తగారు బెంచీ మీద కూర్చున్నారు, ఆడపడుచు పక్కన. భర్త కొత్త నిక్కరు వేసుకుని, చేతిలో గాలి నింపిన రబ్బరు చక్రంతో, పొట్ట లోపలికి బిగించి గట్టు మీద నడుస్తున్నాడు.

“నీళ్ళు మీకు పడవుగా?” అంది ఆమె.

“మేనకోడలు అడిగితే కాదంటానా?” అన్నాడు. చెల్లెలికి వినపడేలా, “రావే, మావయ్య దగ్గర నేర్చుకుంటే వారంలో చేపవైపోతావు. ఇక్కడ వీళ్ళు నెల రోజులు బుడగలు ఊదిస్తారు,” అన్నాడు.

పిల్లను చక్రంలో కూర్చోబెట్టి తోసుకుంటూ నడిచాడు. నడుం లోతు, ఛాతీ లోతు. తాడు దగ్గరికి వచ్చాక తాడును పైకెత్తి పిల్లను అవతలికి పోనిచ్చాడు. తను గట్టు అంచు పట్టుకుని తాడు పక్కన నిలబడి, ఒక చేత్తో చక్రాన్ని పట్టుకున్నాడు.

ఆమె గట్టు మీద అటుగా వెళ్ళింది. “తాడు దాటొద్దండీ. గాలి చక్రాలు అసలు అవతలికి పోకూడదు. ఇవతలికి తీసుకురండి.”

“అబ్బా, నీ రూల్సు నీ శిష్యురాళ్ళకు చెప్పుకో. నేను పట్టుకునే ఉన్నాగా.”

బెంచీ మీద అత్తగారు నవ్వారు. ఆడపడుచు, “ఇంట్లో అన్నయ్య మాట, ఇక్కడ వదిన మాటనా?” అంది. ఆమె చెయ్యి విజిల్ దాకా వెళ్ళింది. వేరే ఎవరైనా అయితే ఈపాటికి విజిల్ మోగేది, కొలనంతా తిరిగి చూసేది, ఆ మనిషి తిట్టుకుంటూ ఇవతలికి వచ్చేవాడు. ఆమె చెయ్యి అక్కడే రెండు క్షణాలు ఆగి కిందికి దిగింది. నాలుగడుగులు వెనక్కి వేసి, కళ్ళు మాత్రం తిప్పకుండా నిలబడింది.

ఆయన బెంచీ వైపు తిరిగి ఏటి సంగతి మొదలుపెట్టాడు. వరద వచ్చిన ఏడాది అది. చెప్పడానికి రెండు చేతులూ కావలసి వచ్చాయి. చక్రాన్ని వదిలాడు. పిల్ల చక్రంలోంచి కిందికి జారిపోయింది. చప్పుడే లేదు. ఖాళీ చక్రం మెల్లగా పక్కకు తేలింది. పిల్ల తల వెనక్కి పడింది, నోరు నీటి మట్టానికి వచ్చింది, చేతులు మెట్లెక్కుతున్నాయి.

“చూడవే, ఎంత బాగా ఆడుకుంటోందో,” అన్నారు అత్తగారు.

ఆమె అప్పటికే మూడు విజిళ్ళు వేసి, గోడకున్న గడకర్ర అందుకుంది. ఆ మోతకు ఆయన వెనక్కి తిరిగి చూసి, పిల్ల పేరు పెట్టి అరిచి, తాడు మీద నుంచి అవతలికి దూకేశాడు. అడుగు అందలేదు. అందదని ఆయనకు తెలియదు. పిల్ల ఆయన మెడ పట్టుకుంది, భుజాలెక్కింది, ఇద్దరూ కలిసి కిందికి పోయారు. ఆమె గట్టు మీద బోర్లా పడుకుంది. ఒక చేత్తో గట్టు అంచు బిగించి పట్టుకుని, రెండో చేత్తో గడకర్ర చాపి, పైకి వచ్చిన చిన్న చేతికి ఆనించింది. “పట్టుకో! నేనే, అత్తను! కర్ర పట్టుకో!” పిల్ల కర్రను కరుచుకుంది. లాగింది. గట్టెక్కించి ఆడపడుచు చేతుల్లో పెట్టింది. మళ్ళీ బోర్లా పడుకుంది. ఈసారి కర్రకు అంటుకున్నది ఇరవై మూడేళ్ళ మొగుడు. కళ్ళు తెల్లగా ఉన్నాయి. ఆ ముఖంలో ఏరు లేదు, వరద లేదు, ఊపిరి కోసం వెతుక్కుంటున్న ఒక మామూలు మనిషి ఉన్నాడు. అవతలి చివర కాపలా ఉన్నతను పరుగెత్తుకొచ్చేసరికి అంతా అయిపోయింది. నిమిషం పట్టి ఉండదు.

పిల్ల దగ్గుతోంది, ఏడుస్తోంది. ఏడుపు వినపడ్డాకే ఆమె ఊపిరి పీల్చుకుంది. “బాగానే ఉంది కదా వదినా, ఇంటికి పోదాం,” అని ఆడపడుచు అంటున్నా వినకుండా ఆసుపత్రికి తీసుకుపోయింది. నీళ్ళు మింగిన పిల్లను కొన్ని గంటలు కనిపెట్టుకుని ఉండాలని ఆమెకు తెలుసు. డాక్టరు కూడా అదే మాటన్నాడు. సాయంత్రానికి ఫర్వాలేదని పంపేశారు.

ఇంటికొచ్చేసరికి కథ తయారైపోయి ఉంది. అత్తగారు ఫోనులో ఎవరితోనో చెబుతున్నారు. “...మా వాడు ముందూ వెనకా చూసుకోకుండా దూకేశాడమ్మా. ప్రాణాలకు తెగించి... ఆ, కోడలూ అక్కడే ఉంది. ఈత టీచరు కదా! గట్టు మీద బోర్లా పడుకుంది. అవును, పడుకుంది. దూకలేదు.” ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. కళ్ళతో చూసిందే చెబుతున్నారు. ఆవిడ లెక్కలో కాపాడేవాళ్ళు దూకుతారు, భయపడేవాళ్ళు గట్టున ఉంటారు.

ఆవిడ కొడుకు ఆ పక్కనే దుప్పటి కప్పుకుని కూర్చుని టీ తాగుతున్నాడు. కాదనలేదు.

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి ఆయనా వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. “మీ మేనేజరు ఫోన్ చేశాడు, ఎలా ఉన్నామని. జరిగింది చెప్పాను.”

“ఏం చెప్పారు?”

“పిల్ల జారింది, నేను దూకాను, నువ్వు కర్ర అందించావు. అంతేగా?” గొంతు తగ్గించాడు. “నువ్వు దూకలేదేమని అడిగాడు. బెదిరిందేమోనన్నాను. మాటవరసకన్నానులే. రేపు ఏదో రిజిస్టర్లో రాయాలటగా. నువ్వూ అలాగే రాసెయ్. చెల్లి ముందు నా పరువేం కావాలి? నీకు ఇల్లుంది, ఆ ఉద్యోగం లేకపోతే గడవదా ఏమిటి?”

ఆమె గిన్నె కడుగుతూ ఉండిపోయింది. ఎప్పుడూ చేసే పనే కదా అనిపించింది. పెళ్ళికి ఆలస్యం నా వల్లే అన్నట్టు, బెదిరింది నేనే అంటే సరిపోతుంది. అలవాటైన సూది, అలవాటైన దారం. కానీ చిరుగు ఇప్పుడు ఆయన మాటలో కాదు, నీళ్ళలో ఉంది. ఆరుగురు ఆడవాళ్ళు రేపు పొద్దున ఆమె మాట నమ్మి ఆ నీళ్ళలో ముఖం పెడతారు. దూకడమే కాపాడటం అని తను రాస్తే, ఆ రాసినదాన్ని నమ్మి వాళ్ళలో ఎవరైనా ఎక్కడైనా దూకుతారు. లెక్కల టీచరమ్మ దూకుతుంది, తన మనవరాలి కోసం. అంతకు మించి ఇంకో సంగతి ఉంది. దాన్ని ఆయనా చూడలేదు, అత్తగారూ చూడలేదు. ఆమె ఒక్కతే చూసింది. మధ్యాహ్నం నుంచి అది ఛాతీలో ముల్లులా ఉంది.

సోమవారం పొద్దున మేనేజరు రిజిస్టరు తెరిచి ముందు పెట్టాడు. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మళ్ళీ జరగకుండా ఏం చేయాలి, మూడు గళ్ళు.

“కూర్చోండమ్మా. నాకు మీరంటే గౌరవం. కానీ మీరు దూకలేదట, బెదిరారట. చెప్పింది బయటివాళ్ళయితే కొట్టిపారేద్దును. ఇంట్లో మనిషే అన్నాడు. ఈ నెలాఖరుకు ఖాయం చేయాలా వద్దా అని...”

“రాశాక చదవండి,” అంది ఆమె.

మొదటి గడిలో జరిగింది జరిగినట్టు రాసింది. దూకినతనికి ఈత రాదని, అతన్ని కూడా కర్రతోనే బయటికి తీయాల్సి వచ్చిందని రాసింది. రెండో గడిలో తొణక్కుండా రాసింది. “బాలికను గాలి చక్రంలో తాడు దాటించిన వ్యక్తి శిక్షకురాలి భర్త. శిక్షకురాలు నోటితో ఒకసారి చెప్పింది. అతను వినలేదు. వేరే ఎవరైనా అయితే ఆమె వెంటనే విజిల్ వేసేది. భర్త కావడం వల్ల, బంధువుల ఎదుట అతని మాట తీసెయ్యలేక వేయలేదు. ఇది ఆమె తప్పు.” మూడో గడిలో ఒక్క వాక్యం. “ఇక మీదట ఎవరికైనా ఒకటే విజిల్.”

మేనేజరు చదివాడు. కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ చదివాడు. “ఇలా రాస్తే తప్పు మీ మీదికే వస్తుంది కదమ్మా. దూకకపోవడం తప్పు కాదని రాసి ఊరుకుంటే సరిపోయేది.”

“దూకకపోవడం తప్పు కాదు కాబట్టే అది రాయలేదండీ. ఉన్న తప్పు రాశాను.”

మేనేజరు గోడ మీద గడియారం వైపు చూసి, రిజిస్టర్ కింద సంతకం పెట్టాడు. “బ్యాచ్ ఎదురుచూస్తోంది. వెళ్ళండి. నెలాఖరున ఖాయం చేసిన కాగితం ఇస్తాను.” ఆమె తలుపు దాకా వెళ్ళాక వెనక నుంచి, “పదేళ్ళుగా ఇందులో అందరూ పక్కవాళ్ళ తప్పులే రాశారమ్మా,” అన్నాడు.

ఆరుగురూ గట్టు అంచు పట్టుకుని వరసగా ఉన్నారు. సంగతి అప్పటికే అందరికీ తెలుసు. దర్జీ అమ్మాయి ఊరుకోలేక అడిగేసింది. “టీచర్, మీరు దూకలేదట కదా?”

“లేదు,” అంది. “ఎందుకు దూకలేదో ఈ రోజు మీ ఆరుగురి చేతా చేయించి చూపిస్తాను. పదండి, బోర్లా పడుకోండి.”

గడకర్ర పట్టుకుని ఆరుగురు ఆడవాళ్ళు వంతులవారీగా గట్టు మీద బోర్లా పడుకున్నారు. లెక్కల టీచరమ్మ నీళ్ళలోని దర్జీ అమ్మాయిని ఎంత గట్టిగా లాగిందంటే, ఆ పిల్ల మోచెయ్యి గీసుకుని, “నన్ను కాపాడుతున్నారా, తోలు తీస్తున్నారా?” అని మొత్తుకుంది.

ఆమె ఇంటికి వెళ్ళేసరికి భర్త ఆఫీసుకు తయారై, బయల్దేరకుండా కూర్చుని ఉన్నాడు.

“రాశావా?”

“రాశాను.”

“నేను చెప్పినట్టేనా?”

“కాదండీ. జరిగినట్టు. మీది రాశాను, నాదీ రాశాను.”

ఆయన ముఖం ఎర్రబడింది. తర్వాత ఎరుపు దిగిపోయింది. నిన్న కర్రకు అంటుకున్నప్పటి ముఖమే ఒక క్షణం మళ్ళీ కనపడింది. ఆమె ఎదురు కుర్చీ లాక్కుని కూర్చుంది. కోపంగా లేదు. చాలా రోజుల తర్వాత ఆయనతో మాట్లాడటం తేలికగా ఉంది, కుట్టడానికి చేతిలో ఏమీ లేదు కాబట్టేమో.

“మీరు రావొద్దనడం లేదు,” అంది. “ఆదివారాలు రండి. నేర్చుకుంటానంటే నేర్పించే మనిషిని చూస్తాను. కానీ తాడు ఇవతలే ఉండాలి. దాటితే విజిల్ వేస్తాను.”

“నాకా?”

“మీకే.”

“అమ్మ ముందు, చెల్లి ముందు... అందరూ తిరిగి చూసేలా?”

“విజిల్ ఉన్నదే అందరికీ వినపడటానికి కదండీ,” అంది ఆమె.